ఏడు నీళ్ళ చీరమేను

ఇంకో గంటలో వాడొచ్చి తన చేతికూర తింటాడు. తినాలి. తినకుండా దాటిపోతే ఏడాదిగా కడుపు కింద పెట్టుకుని పొదిగిందంతా మురిగ్గుడ్డయిపోతుంది. గోదారి గట్టు మీద వరసగా వేసిన అయిదు టెంట్లలో ఆఖరి దాంట్లో, గ్యాసు పొయ్యి ముందు నిలబడి నాగదుర్గ లేత చింతకాయలు దంచుతోంది. నెత్తి మీద ప్లాస్టిక్ టోపీ, మూతికి మాస్కు, గుండెల మీద బ్యాడ్జీ. బ్యాడ్జీ మీద పేరు తెరేసాది. పక్కింటి తెరేసాకి ఫరంపేట వీధి మొగలో టిఫిన్ బడ్డీ ఉంది, వీడియో పంపితే టీవీ వంటల ప్రోగ్రాం వాళ్ళు ఎంచుకున్నారు, ఎంచుకున్నాక పొద్దున్నే బ్యాడ్జీ తెచ్చి నాగదుర్గ చేతిలో పెట్టి, "నాకు నడుం పట్టేసిందే దుర్గా, నువ్వెళ్ళు," అంది. నడుం పట్టేసినావిడ గోడ దూకినంత చలాకీగా వెళ్ళిపోయింది. రోకలి దెబ్బకి చింతకాయ చిట్లి కంట్లో పడింది. పడనీ. ఈ కళ్ళు ఏడాదిగా ఎర్రగానే ఉన్నాయి, వాటికి పులుపొక లెక్కా.

మొదటి టెంటు దగ్గర కేకలు. వచ్చేశాడన్నమాట. యాంకర్ వంశీ గారు. అదే తెల్ల చొక్కా, అదే మోచేతుల దాకా మడత, అదే చెయ్యి గాల్లోకి లేపి "హలో యానాం!" అనడం. జనం గట్టు మీద, మెట్ల మీద, ఆగిన ఆటోల పైన. ఆ ఆటోల్లో పసుప్పచ్చ రిబ్బన్లు కట్టింది లక్ష్మణరావుది. తన మొగుడిదే. అది వంతెన మీంచి వచ్చి ఉంటుంది, ఎదుర్లంక నించి, ఆవిడగారి గుమ్మం లోంచి. చూడ్రా చూడు, కళ్ళు పత్తికాయల్లా విప్పుకుని చూడు, తిన్న నోరు నీది కూడాను. రోకలి ఇంకాస్త గట్టిగా పడింది. మెడలో టీవీ వాళ్ళ కార్డు తాడేసుకున్న ఒకమ్మాయి పరిగెత్తుకొచ్చి, "ఆంటీ, మాస్క్ తియ్యొద్దు, హైజీన్ ఇంపార్టెంట్, సార్ లాస్ట్‌లో మీ దగ్గరికే వస్తారు," అంది. అలాగే తల్లీ, తియ్యను. తియ్యాల్సినప్పుడు తీస్తాను.

పొయ్యి పక్కన రెండు గిన్నెలు. పెద్దదాంట్లో ఏడు నీళ్ళ చీరమేను, చిన్నదాంట్లో ఒక్క నీటిది. చీరమేను అంటే చేపే, కాని చేపంత కాదు, గోరంత కూడా కాదు, తెల్లదారపు ముక్కంత. గోదారి ఎర్రనీళ్ళు తగ్గి తూర్పుగాలి తిరిగిన ఆ నాలుగు రోజులే, గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర తెట్టులాగ తేలి వస్తుంది. వలకి ఆగదు, కన్నాల్లోంచి జారిపోతుంది. అందుకే పాత నూలు చీర నాలుగు కొసలా పట్టుకుని నీళ్ళలోకి దింపి ఎత్తుతారు. చీరకి అందే చేప. ఇసకలో పుట్టి ఇసక మింగి వస్తుంది కాబట్టి గుడ్డలో పోసి ఏడుసార్లు కడగాలి, ఆరోసారికి శుభ్రంగా ఉందనిపిస్తుంది, అక్కడే ఆగిన ఆడదాని కూర పంటికింద కరకరమంటుంది. నాగదుర్గ కూర ఎప్పుడూ కరకరమనలేదు. అమ్మ సత్యవతమ్మ నేర్పిన చెయ్యి అది. పొద్దున్న నీళ్ళు వంచుతూ వంచుతూ ఒక గిన్నెడు పక్కకి తీసి ఒక్కసారి కడిగి వదిలేసింది. ఎందుకు వదిలేశావే అని ఎవరూ అడగలేదు గాని అడిగితే చెప్పేది: వాడి కోసం. కోట్లమంది చూస్తుండగా ఆ తెల్లటి పళ్ళ కింద గోదారి ఇసక కరకరలాడాలి, ఆ మొహం వంకర్లు పోవాలి, తుపుక్కున ఉమ్మాలి. ఆ ఉమ్మడం తలుచుకుంటే అల్లం ముక్క నమిలినట్టుంది.

పోయినేడు ఇదే కార్తీకంలో ఆ తెల్ల చొక్కా ఎదురుగానే కూర్చుంది తను. 'గడప దాటిన గొడవ' అని ఆ ప్రోగ్రాం పేరు. దానికోసం ఎంత పడి చచ్చేది! మధ్యాన్నం చేపల బేరం అయిపోయాక మార్కెట్ అరుగు మీద ఎండు చేపలమ్మే మంగతాయారు ఫోను నిలబెడితే పదిమంది ఆడాళ్ళూ గంపలు బోర్లించుకుని దాని చుట్టూ చేరేవారు. ఎవరి మొగుడు ఎవత్తెతో పోయాడో, ఎవరి అత్త ఎవరి జుట్టు పట్టిందో, వంశీ గారు ఎవరిని గట్టిగా కసిరారో. ఇంట్లో తన కంచంలో అదే కూడు వడ్డించి ఉన్నా, పరాయి కంచంలోకి తొంగి చూస్తే అదేదో పండగలా ఉండేది. మన పుండు మీద ఈగ వాలితే నొప్పి, ఎదుటివాళ్ళ పుండు మీద వాలితే కాలక్షేపం. అలాంటిది తన మొగుడే వంతెన దాటి వెళ్ళిపోయినప్పుడు, ఇక ఎవరికి చెప్పుకోవాలి? పెద్దమనుషులు నలుగురూ లక్ష్మణరావు ఆటోలోనే తిరుగుతారు. ఆ కష్టంలో ఉండగా ప్రోగ్రాం నించి జ్యోతి అనే పిల్ల ఫోన్ చేసింది. "అక్కా, ఒక్కసారి వచ్చి మీ బాధ చెప్పండి చాలు, సార్ మాటకి ఎంతటి మొగుడైనా తోక ముడుస్తాడు, మీ ఆయన్ని మీ గుమ్మంలో దింపే పూచీ మాది." అక్కా అంది. ఆ పిలుపుకే సగం కరిగిపోయింది తను. ఇస్త్రీ చీర కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని, పెళ్ళికెళ్ళినట్టు వెళ్ళింది హైదరాబాదు.

అక్కడ దీపాల వేడికి మల్లెపూలు పది నిమిషాల్లో కమిలిపోయాయి. ఏడుపు దానంతటదే వచ్చింది, రాకపోతే రప్పించడానికి జ్యోతి కెమెరా పక్కన నిలబడి తన కళ్ళు తుడుచుకుంటూ చూపిస్తూనే ఉంది. ఆ ఏడుపులో అన్న మాటలు ఇవీ, ఒక్క అక్షరం పొల్లు పోకుండా గుర్తు: "నేనేం తక్కువ చేసేనండీ? ఆ రోజు కూడా మొగుడే కదాని చీరమేను పెట్టేనండి. నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ పెట్టేను. కాదన్లేదండి. అయినా తెల్లారేసరికి ఆవిడింటికే ఎల్లిపోయేడు." వంశీ గారు కాగితాల్లోంచి తలెత్తి, "ఏం పెట్టావమ్మా? చీరా, మేనా?" అన్నాడు. కూలికొచ్చి కూర్చున్న జనం కిసకిసలాడారు. "సేపండి బాబూ! సన్న సేప. చీరల్తో పడతారండి," అంది తను. "ఓహో, చేపా! చీరలతో పడతారా! బాగుందమ్మా," అని ఆయన నవ్వాడు. నవ్వాడు అంటే విన్నాడు, విన్నాడు అంటే తెలుసు. అదీ ఇక్కడ గుచ్చుకున్న ముల్లు. తెలియక చేసినవాణ్ణి గోదారిలో వదిలెయ్యొచ్చు. వీడికి తెలుసు.

టీవీలో వచ్చినప్పుడు ఆ చేప ముక్క లేదు. సన్న సేపండి బాబూ లేదు. ఉన్నది ఇదీ: మొగుడే కదాని కుయ్‌య్‌య్ పెట్టేనండి. నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ పెట్టేను, కాదన్లేదండి. కింద పెద్ద అక్షరాలు, సెట్‌లో హద్దు దాటిన భార్య అని. నోరు కనిపించకుండా పెదాల మీద మసక. ఇంట్లో పక్కన కూర్చుని చూస్తున్న కూతురు వీణ మెల్లిగా లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి తను జ్యోతికి ఫోను మీద ఫోను చేస్తే మర్నాడెప్పుడో ఎత్తి, "అది ఎడిటింగ్ వాళ్ళు వేశారక్కా, చీర, మేను అని వినగానే ఏదో డౌటొచ్చి ఉంటుంది, పైన రూల్స్ స్ట్రిక్ట్ కదా. కాని అక్కా, సీజన్ మొత్తంలో మీ ఎపిసోడే టాప్. బీప్ పడితే రిమోట్ పట్టుకున్న చెయ్యి ఆగుతుంది," అంది. బూతుని కప్పడానికి పుట్టిన కూత కూరని బూతు చేసింది. ఆ పిల్ల అది సంతోషంగా చెప్పింది, బిడ్డకి ఫస్టు క్లాసొచ్చినట్టు.

రెండో టెంటు దగ్గర పీతల పులుసు. జేవియర్ గారి పీతలు. వంశీ కళ్ళు మూసుకుని "మ్మ్‌మ్" అంటున్నాడు, టీవీలో వచ్చేదే చూపించే పెద్ద తెర మీద వాడి మూతి మడతలు మంచమంత. అనుకున్నట్టే. కళ్ళు మూశాక వేలు నాకుతాడు. నాకాడు. వేలు నాకాక పేరు అడుగుతాడు. అడిగాడు. పేరు చెప్పగానే మైకు జనం వైపు తిప్పి వాళ్ళచేత అరిపించి, ఆనక తనూ ఒకసారి అరుస్తాడు. "పీతల పులుసూ!" అంది గట్టు. "పీతల పులుసూ!" అన్నాడు వాడు. నాగదుర్గ నూనెలో ఉల్లిపాయలు వేస్తూ మాస్కు లోపల నవ్వుకుంది. నాలుగు నెలలుగా వాడి కొత్త ప్రోగ్రాం ఒక్క వారం మానకుండా చూసింది. తునిలో ఏం చేశాడో తెలుసు, పాలకొల్లులో ఏం చేశాడో తెలుసు. నవ్వుకోడానికి చూసిన రోజులు పోయాయి, కొంగ చేపని చూసినట్టు చూసింది. చేప నడక తెలియకుండా వల వేసేవాడు వలే చింపుకుంటాడు.

పసుపు, కారం, దంచిన చింతకాయ. పొగ లేచి కళ్ళలోకి. మార్కెట్లో మొదటి వారం ఎవరూ ఏమీ అనలేదు, అదే భయం వేసింది. రెండో వారం సారా కంపుతో ఒకడొచ్చి, "ఏం దుర్గా, బీపు తాజాదేనా? కేజీ ఎంతేంటి?" అన్నాడు. చేప పొలుసు గీరే కత్తి చూపిస్తే పోయాడు గాని మాట పోలేదు, మాట అరుగు మీదే కూర్చుంది. బీప్ దుర్గ. చిన్నపిల్లలు కూడా, వాళ్ళకి అర్థం తెలియదు పాపం, కుయ్‌య్ అని ఈల వేసి పారిపోయేవారు. లక్ష్మణరావైతే పెద్దమనుషుల ముందు మీసం తిప్పి, "టీవీలో అంత పచ్చిగా మాట్టాడిందాంతో కాపరం ఎలా చేత్తానండీ, మీరే చెప్పండి," అన్నాడు. ఒరేయ్, నాలుగుసార్లు కంచం చాపింది నువ్వు కాదట్రా, అది చేప అని భూమ్మీద నీకొక్కడికీ తెలియదట్రా! తెలుసు. తెలిసి మింగాడు, ముల్లు లేని చేప కదా, సులువుగా మింగుడుపడింది.

అవన్నీ ఒక ఎత్తు. వీణ ఒక ఎత్తు. డిగ్రీ రెండో ఏడు చదివే పిల్ల. క్లాసులో ఎవడో ఫోను మోతగా ఆ కూత పెట్టుకుని, వీణ లోపలికి రాగానే మోగించాడు. ఒకడు కాదు, బెంచీ బెంచీ మోగింది. మూడో రోజున పుస్తకాల సంచీ తీసుకుని కనకాలపేటలో అమ్మమ్మ సత్యవతమ్మ దగ్గరికి పోయింది, ఇక రాలేదు. తను వెళ్ళి గుమ్మంలో నిలబడి, "చీరమేను అన్నానే. నీ మీదొట్టు. చీరమేను," అంటే ఆ పిల్ల చూసిన చూపు. తిట్టినా బాగుండేది. జాలిగా చూసింది. "చీరమేనుకి బీప్ ఎందుకేస్తారమ్మా? అబద్ధమైనా అతికినట్టు చెప్పు," అంది. నిజం మరీ ఇంత పిచ్చిగా ఉంటే ఎవరు నమ్ముతారు? తనే పరాయిదైతే తను నమ్మేదా? నమ్మేది కాదు. ఎందుకంటే... ఇక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ మనసు గట్టు జారిన కాలులా ఒక చోటికే పోతుంది. అంతకు ముందటి ఏడు యలమంచిలి వైపు ఎవరో ఆడమనిషి అదే కుర్చీలో కూర్చుని ఏదో అంటే రెండు కూతలు పడ్డాయి. మంగతాయారు ఫోను ఆపి, "ఏమంది ఉంటదే, పందెం," అంది. పదిమందీ పది మాటలు చెప్పారు. నాగదుర్గ చెప్పిన మాటే అన్నింటికన్నా పచ్చిది. అరుగంతా పడి పడి నవ్వింది, మంగతాయారుకి పొలమారింది. ఆ కూతలో పడిన బూతు తనదే, తన నోటిదే. ఆవిడెవరో. ఆవిడ ఏమందో. వంకాయ అందేమో! అందుకే తనకి తెలుసు, జనం ఆ కన్నంలో ఏం పోస్తారో. ఎవరింట్లో ఉన్న బురద వాళ్ళు తెచ్చి పోస్తారు. తెలుసు గనకే క్షమించబుద్ధి కావడం లేదు, వాళ్ళనీ, తననీ.

మూడో టెంటు అయిపోయింది. నాలుగో దాంట్లో గారెలు. ఏడు నీళ్ళ చీరమేను మూకుట్లో పడగానే తెల్లగా ముడుచుకుని, చింతకాయ పులుపు తాగి, వాసన గాలిలోకి లేచింది. పక్క పొయ్యి మీద ఒక్క నీటిది, చిన్న మూకుట్లో. రెండూ చూడ్డానికి ఒకటే. అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి. ఏది పెట్టాలి? అసలు తిన్నగా మైకు లాక్కుని, ఒరే వంశీ, నువ్వు విని కూడా నా నోరు మూయించావు అని ఊరందరి ముందూ కడిగెయ్యొచ్చు. మొదట అదే అనుకుంది. కేబుల్ కుర్రాడు సతీష్ చేపలు కొనడానికొచ్చి ఆ ఆశ తుంచేశాడు. "లైవ్ అంటే లైవ్ కాదు పిన్నీ. ఇక్కడన్న మాట పది సెకన్లు ఎనకాల టీవీలో వత్తాది. ఆ పదిలోనూ ఏన్లో ఒకడు బటన్ మీద ఏలెట్టుక్కూచుంటాడు. తేడా వచ్చిందనుకో, కుయ్." అదుగో ఆ వ్యాను, టెంటు వెనకే, గొడుగు బోర్లించినట్టు నెత్తి మీద డిష్షు. ఆ వేలు ఎవడిదో. పోయినేడు వేసినవాడి వేలేనేమో. తనేమన్నా ఆ వేలు పడుతుంది. నాగదుర్గ మాట మీద పడుతుంది, జనం మాట మీద ఎలా పడుతుంది, వేలమంది నోళ్ళ మీద? యాంకరు మాట మీద ఎందుకు పడుతుంది, జీతమిచ్చే నోరు కదా? అందుకే చీరమేను అన్న మాట తను అనకూడదు. వాడిచేత అనిపించాలి. ఇసక తగిలితే వాడు ఉమ్మేసి నీళ్ళు తాగి పోతాడు, పేరు అడగడు. అంచేత పెద్ద మూకుడే. దయతో కాదు. చిన్న మూకుడు మీద మూత పెట్టింది.

"నెక్స్ట్ మన లాస్ట్ స్టాల్, తెరేసా గారు!" దీపాలు ఒక్కసారిగా మీద పడ్డాయి. మల్లెపూలు కమిలిన వేడి అదే. తెల్ల చొక్కా ఎదురుగా. అత్తరు వాసన. వాడు అరిటాకు ముక్క చాపి, "పెట్టండమ్మా," అన్నాడు, గరిటెడు పెట్టింది. తిన్నాడు. కళ్ళు మూశాడు. మూసినవి ఒక పట్టాన తెరవలేదు, ఇది కెమెరా కోసం మూసింది కాదు. "అమ్మా... ఇంకొంచెం." పెట్టింది. "ఇదేంటమ్మా బాబూ, ఇంకొంచెం!" పెట్టింది. జనం నవ్వుతున్నారు. ఆకు మళ్ళీ చాపాడు. పెట్టింది. నాలుగుసార్లు. అడిగితే నాలుగుసార్లూ. మాస్కు వెనక పళ్ళు కొరుక్కుంటూ లెక్క పెట్టుకుంది. వేలు నాకాడు. "తెరేసా గారూ, అసలీ డిష్ పేరేంటి?" మైకు మూతి ముందుకొచ్చింది.

నాగదుర్గ ఊపిరి పీల్చుకుని, "కుయ్‌య్‌య్‌య్," అంది.

వంశీ అయోమయంగా నవ్వాడు. "సీక్రెట్ రెసిపీయా! అయితే యానాం చెప్తుంది!" అలవాటు. చెయ్యి దానంతటదే జనం వైపు తిరిగింది. ఆ కూత ఎవరిదో అందరికీ తెలుసు, ఏడాదిగా వాళ్ళ నోళ్ళలో నానిన కూతే. మెట్ల మీంచి మంగతాయారు గొంతు ముందు లేచింది, బొంగురుగా, ఏడుపుగా. "చీరమేనూ!" ఆ వెనక గట్టంతా. "చీరమేనూ!" ఆ గొంతుల్లో కేజీ ఎంత అన్నవాడి గొంతూ ఉంది, ఈల వేసిన పిల్లలవీ ఉన్నాయి. అరవండ్రా. మీ నోళ్ళు మీరే కడుక్కోండి. పసుప్పచ్చ రిబ్బన్ల ఆటో మాత్రం స్టార్టయింది, జనం అడ్డం, కదలలేకపోయింది. వంశీ మైకు తన నోటి దగ్గరికి తెచ్చుకుని, "చీర..." అన్నాడు. అప్పటికి నాగదుర్గ మాస్కు గడ్డం కిందికి లాగేసింది.

గుర్తుపట్టాడు. ఆ కళ్ళలో కాగితాల్లోంచి తల లేపిన రోజు కనిపించింది. నోరు 'చీర' దగ్గరే ఆగిపోయింది. అక్కడ ఆగితే అది బూతు. పూర్తి చేస్తే కూర. జనంలో అప్పుడే ఎవడో కిసుక్కుమన్నాడు. నాగదుర్గ మెల్లిగా, ముద్ద మింగని పసివాడికి చెప్పినట్టు, "అనండి బాబూ, సగంలో వదిలేత్తే జనం ఏదో అనుకుంటారు," అంది. వాడు గుటక వేసి, "...మేను. చీరమేను," అన్నాడు. "ఆయ్, అదేనండి. పోయినేడు మీ ఎదరే నా మొగుడికి పెట్టేనని చెప్పింది ఇదేనండి. సేప."

ఇక తెర వైపు తిరిగి నిలబడింది. పది సెకన్లు. గోదారి పది అలలు. తెర మీద తన నోరు కుయ్‌య్ అంది, గట్టు అరిచింది, వాడి నోరు 'చీర' అని ఆగి, గుటకతో సహా ఆగి, 'మేను' అంది. శుభ్రంగా వచ్చింది. ఏడు నీళ్ళు కడిగినట్టు వచ్చింది. ఆ తర్వాత తెర మీది నాగదుర్గ, "ఆయ్, అదేనండి. పోయినేడు..." అంటుండగా వేలు పడింది. కుయ్‌య్‌య్‌య్. గట్టంతా భళ్ళున నవ్వింది, ఇప్పుడే చెవులారా విన్న మాట కదా. ఆ నవ్వు తన మీద కాదు, వ్యాను మీద. వంశీ మైకు ఆపేసి పళ్ళ మధ్య నించి, "ఇదంతా కావాలని చేశావా?" అన్నాడు. "నాలుగుసార్లు అడిగేరు బాబూ. కాదన్లేదు," అంది.

నడుం దగ్గర దోపుకున్న ఫోను కొట్టుకుంటోంది. ఉండనీ. ముందు చిన్న మూకుడు మూత తీసింది. ఒక్క నీటి చీరమేను అంతా స్టీలు డబ్బాలో వేసి, నొక్కి మూత పెట్టి, తాడు మెడ అమ్మాయి చేతిలో పెట్టింది. "ఏన్లో బటన్ కాడ కూచున్న బాబుకి ఇవ్వమ్మా. పొద్దున్నించీ ఏలు అలిసిపోయి ఉంటది." ఆ అమ్మాయి, "థ్యాంక్యూ ఆంటీ," అని పరిగెత్తింది. పంటి కింద కరకరమన్నప్పుడు దాని మీద కూడా వేసుకోమను కుయ్యిమని.

అప్పుడు ఫోను తీసింది. కనకాలపేట. అటు వెనక సత్యవతమ్మ టీవీలో ఎవరినో శాపనార్థాలు పెడుతోంది. ఆ తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"అమ్మా. నాక్కొంచెం ఉంచు."

నాగదుర్గ పెద్ద మూకుట్లోకి చూసింది. వాడు నాలుగుసార్లు తిన్నా అడుగున ఇంకా ఉంది.